మేడ వెనక నది

ఆదివారం పొద్దున భానుశ్రీ కారు తాళాలు పట్టుకుని మళ్లీ అత్తగారి గది గుమ్మం దగ్గరికి వచ్చింది. సుగుణ మంచం అంచున కూర్చుని ఉంది. తల దువ్వుకుంది కానీ చీర మార్చుకోలేదు.

"నేను రాను బిడ్డా. మీరు పోయిరాండ్రి. నాకేం కనబడ్తదని రావాలె?"

"అత్తమ్మా, డాక్టర్ అపాయింట్‌మెంట్‌కి తప్ప మీరు ఇల్లు కదిలి ఎన్నాళ్లయిందో తెలుసా? వెర్రిబీ ఇక్కడికి దగ్గరే. ఓల్డ్ మేన్షన్, చుట్టూ గార్డెన్స్. రుచిత స్కూల్ ప్రాజెక్టుకి కూడా పనికొస్తుంది. ప్లీజ్."

భానుశ్రీది విజయవాడ. కౌశల్‌తో మెల్‌బోర్న్ యూనివర్సిటీలో చదువుకుని, అతన్ని పెళ్లి చేసుకుని, ఆ ఊరి శివారు టార్నీట్‌లో ఇల్లు కట్టుకుంది. కౌశల్‌కి ఆ ఆదివారం డ్యూటీ ఉంది. అయినా సరే, అత్తగారిని ఇవాళ గుమ్మం దాటించాలని ఆమె పట్టుబట్టింది.

హాల్లో మనవరాలు రుచిత బూట్ల లేసులు కడుతున్న బ్రహ్మయ్య తలెత్తి లోపలికి కేక వేశాడు.

"కంబాలున్నయట సుగుణా. మీ కాలేజీకి ఉన్నట్టు."

"కంబాలు ప్రతి బ్యాంకుకున్నయి."

"వెనక నది గూడ ఉన్నదట."

గదిలోంచి కాసేపు చప్పుడు లేదు. తర్వాత బీరువా తలుపు తెరుచుకున్న శబ్దం వచ్చింది.

"భానూ, ఆకుపచ్చ నేత చీర ఏ అరల ఉందో జర చూడమ్మా" అంది సుగుణ.

సుగుణ హైదరాబాదులో ముప్పై ఏళ్లు సోషల్ టీచరుగా పనిచేసింది. రిటైరయ్యాక భర్తతో కొడుకు దగ్గరికి వచ్చి స్థిరపడింది. రెండేళ్ల కిందట ఆమె కళ్లకు జబ్బు మొదలైంది. ఎటు చూస్తే అక్కడ, సరిగ్గా మధ్యలో, తడిచేత్తో చెరిపినట్టు ఓ మసక. చుట్టూ అంచులు మాత్రం కనబడతాయి. కంట్లో సూదులు వేశారు. జబ్బు ముదరకుండా ఆగింది కానీ పోయిన చూపు తిరిగి రాలేదు. ముందు పుస్తకం పోయింది. తర్వాత మనుషుల ముఖాలు పోయాయి. షాపులో ఎవరో పలకరిస్తే ఎవరో తెలియక తెల్లబోవడం ఆమెకు చచ్చేంత చిన్నతనంగా ఉండేది. మెల్లగా బయటికి వెళ్లడమే మానేసింది. చూపు తక్కువైన వాళ్లకు కర్రతో నడక నేర్పే మనిషి ఇంటికే వస్తుందని ఆస్పత్రివాళ్లు చెప్పినా, "తెల్లకర్ర పట్టుకుని బజార్ల తిరుగుమంటరా నన్ను?" అని ఆ మాట ముందుకు సాగనివ్వలేదు.

అప్పటినుంచీ బ్రహ్మయ్యే ఆమెకు అన్నీ అయ్యాడు. కంచంలో కూర ఎటువైపు ఉందో చెప్పేవాడు. రెక్క పట్టుకుని బాత్రూం దాకా తీసుకెళ్లేవాడు. సోఫాలో తానే కూర్చోబెట్టేవాడు. ఎక్కడ తట్టుకుంటుందోనని ఇంట్లో స్టూళ్లన్నీ గరాజ్‌లో పెట్టించాడు.

కారు హైవే ఎక్కాక వెనక సీట్లోంచి రుచిత అడిగింది. "తాతా, నానమ్మ పేలస్‌లో చదువుకుందా? ఫర్ రియల్?"

"రియలే. మస్తు పెద్ద పేలస్."

"డిడ్ యూ గో దేర్ టూ?"

బ్రహ్మయ్య నవ్వాడు. "నన్నెవడు రానిస్తడు? అది ఆడపిల్లల కాలేజీ."

భువనగిరి దగ్గరి పల్లె నుంచి బ్రహ్మయ్య పట్నం వచ్చింది మేనమామకు సాయంగా. మేనమామది కోఠీలో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కొట్టు. పొద్దున గోనె పరిచి పుస్తకాలు పేర్చడం, వానొస్తే ప్లాస్టిక్ కప్పడం, సాయంత్రం మూటగట్టడం అతని పని. కొట్టుకు ఎదురుగా ఉమెన్స్ కాలేజీ గేటు. ఒకప్పుడు తెల్లదొర కట్టించుకున్న రెసిడెన్సీ మేడ అది. గేటు బయట నిలబడి మెడ సాగదీస్తే చెట్ల కొమ్మల మధ్య నుంచి నాలుగు తెల్లటి స్తంభాల తలలు కనిపించేవి. అంతే. లోపల ఇంకా ఏముందో అతనికి తెలియదు. గేటు దగ్గర వాచ్‌మన్ మగపురుగును లోపలికి పోనిచ్చేవాడు కాదు.

కాచిగూడ నుంచి నడిచి వచ్చే ఒక పిల్ల రోజూ సాయంత్రం కొట్టు దగ్గర ఆగేది. కొనేది తక్కువ, నిలబడి చదివేది ఎక్కువ. మేనమామ విసుక్కునేవాడు. బ్రహ్మయ్య మాత్రం ఆమె సగం చదివిన పుస్తకాన్ని ఎవరికీ అమ్మకుండా అడుగున దాచేవాడు. మర్నాడు ఆమె వచ్చి వెతుక్కుంటుంటే చప్పుడు చేయకుండా తీసి ముందు పెట్టేవాడు. అలా మాటలు మొదలయ్యాయి.

"లోపట ఎట్ల ఉంటది?" అని ఒకరోజు అడిగాడు.

"ఎక్కడ?"

"మీ కాలేజి."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. మెట్లకు రెండు పక్కలా రాతి సింహాలు, పరీక్షలప్పుడు పిల్లలు వాటి తల నిమిరి లోపలికి పోతారు. దర్బారు హాల్లో దీపాల గుత్తులకు దుమ్ము పడకుండా గుడ్డలు చుట్టి ఉంచారు, సాయంత్రం పూట చూస్తే పెద్ద పెద్ద గబ్బిలాలు వేలాడుతున్నట్టు ఉంటాయి. చెక్క మెట్లు రెండు పాయలుగా చీలి పైకి పోతాయి, లెక్చరర్ వస్తుంటే ఏ మెట్టు మీదుందో చప్పుడును బట్టి చెప్పేయొచ్చు. పైకప్పు రంగుల్లో సగం రాలిపోయాయి. ఒకసారి పావురం తిన్నగా ఆమె జవాబు పత్రం మీదే రెట్ట వేసింది. ఇన్విజిలేటరు మేడం దాన్ని చూసి, "ఇది శుభశకునమే, రాయి" అంది.

రోజుకో ముక్క చెప్పేది. కొన్నాళ్లకు బ్రహ్మయ్య మనసులో ఆ మేడ మొత్తం కట్టుబడిపోయింది. రాత్రి పడుకుని కళ్లు మూసుకుంటే ఏ గది తర్వాత ఏ గదో నడుచుకుంటూ పోగలిగేవాడు. ప్రతి గదిలోనూ ఆ పిల్లే ఉండేది.

తర్వాత అతనికి కరెంటాఫీసులో ఉద్యోగం వచ్చింది, ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. కులం వేరని సుగుణ తండ్రి రెండేళ్లు ఇంటికి రానివ్వలేదు, కౌశల్ పుట్టాక తానే వచ్చాడు. పెళ్లయ్యాక బ్రహ్మయ్య అనుకుంటే సుగుణ వెంట ఎప్పుడైనా కాలేజీ లోపలికి వెళ్లి చూడగలిగేవాడే. వెళ్లలేదు. ఆ పాత మేడకు మరమ్మతులు చేసి చూడనిస్తున్నారని తెలిసేసరికి వాళ్లు ఈ దేశంలో ఉన్నారు.

వెర్రిబీ మేడ ముందు కారు ఆగింది. బ్రహ్మయ్య అలవాటుగా అవతలి పక్కకు తిరిగొచ్చి భార్య రెక్క పట్టుకుని దించాడు.

"ఎట్లున్నది?" అంది సుగుణ.

"రెండంతస్తులు. తేనె రంగు రాయి. ముందర వరుసగ కంబాలు, కంబాల మీద కమాన్లు. పైన ఒక బురుజు లెక్క ఉంది. ముందర పచ్చిక, పూల మడులు, ముగ్గేసినట్టు."

"సింహాలు?"

"లేవు."

"రెండు దిక్కులా చూడు."

"చూసిన. పూలకుండీలున్నయి."

"సింహాల్లేని మేడ ఏం మేడనయ్యా!" అంది సుగుణ. ఆ గొంతులో చాలా రోజులకు పాత టీచరమ్మ వినిపించి భానుశ్రీ అటు తిరిగి నవ్వుకుంది.

వరండాలోకి ఎక్కగానే సుగుణ స్తంభానికి అరచేయి ఆనించింది. రాయి చల్లగా ఉంది. చేతిని పైనుంచి కిందికి జార్చింది. "మావి ఇంకా లావు. నలుగురం చేతులు పట్టుకుని చుట్టూ నిలబడితెనే అందేది. శ్యామసుందరి అని ఒకామె ఉండె. సన్నగ ఉంటుండె గని చేతులు పొడుగు. ఆమె లేకపోతే సరిపోకపోయేది."

"వేర్ ఈజ్ షీ నౌ?" అంది రుచిత.

"ఏమోనమ్మ. పెండ్లయి షోలాపూర్ పోయింది. ఆమెకు లెక్కలు మస్తు వస్తుండె."

లోపల చెక్క మెరుగు వాసన. గదుల్లో పాత బల్లలు, గోడలకు బంగారు చట్రాల్లో ఆ మేడ కట్టించుకున్న గొర్రెల మందల యజమానుల బొమ్మలు. తాళ్లు కట్టి ఉన్నాయి కాబట్టి దేన్నీ ముట్టుకోకూడదు. ఒక్క మెట్ల కమ్మీని మాత్రం పట్టుకోవచ్చు. సుగుణ దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏమైంది?" అన్నాడు బ్రహ్మయ్య.

"ఏం లేదు. మా మెట్ల కమ్మీ గూడ గిట్లనే అరిగి ఉంటుండె. చేతులు పెట్టీ పెట్టీ. అప్పుడు అనుకోలే, నాది గూడ ఒక చెయ్యి అని." మనవరాలి వైపు తిరిగి, "రుచితా, మా కాలేజి వెనక ఇంకో చిన్న మేడ ఉంటుండె. బొమ్మిల్లు లెక్క. అచ్చం పెద్ద మేడనే, మోకాలెత్తుల. ఆ దొర పెండ్లి చేసుకున్న బేగం పరదాలకెల్లి బయటికొచ్చి మేడను ముందటినుంచి చూడలేకపోయేదట. ఆమె చూసుకునేతందుకు అట్ల చిన్నగ కట్టించిండని చెప్తుండె మా హిస్టరీ మేడం" అంది.

"దట్స్ సో శాడ్!"

"శాడా? ఏమో మరి. మేమైతె దాని మీద కూసోని రేగుపండ్లు తిన్నం."

రుచిత పకపకా నవ్వింది. సుగుణ కూడా నవ్వింది. కాపలాగా ఉన్న పెద్దాయన తల తిప్పి చూశాడు. పుస్తకాల గుట్ట అవతల నిలబడి, పావురం సంగతి చెబుతూ నవ్విన పిల్ల నవ్వే అది, ఏమీ మారలేదు. బ్రహ్మయ్యే ఆ నవ్వును ఈ మధ్య మర్చిపోయాడు.

పై అంతస్తు కిటికీలోంచి నది కనిపిస్తుందని ఎవరో చెప్పగానే రుచిత తాత చెయ్యి పట్టి లాగింది.

"అత్తమ్మకు మెట్లు వద్దు మామయ్యా, నేనిక్కడ కూర్చుంటాను ఆమెతో. మీరిద్దరూ వెళ్లి రండి" అంది భానుశ్రీ. వెనక వరండాలో ఎండ పడే చోట ఒక బెంచీ ఉంది. బ్రహ్మయ్య సుగుణను దాని మీద కూర్చోబెట్టి, సంచీ ఒళ్లో పెట్టి, శాలువా సర్ది, "ఈడనే ఉండు, కదలకు" అన్నాడు. ఈ మాట అతను రోజుకు ఎన్నిసార్లు అంటాడో అతనికే తెలియదు.

పై కిటికీలోంచి పచ్చికబయలు, దాని చివర పెద్ద పెద్ద చెట్లు, చెట్ల మధ్య వంపు తిరిగి మెరుస్తున్న నీళ్లు కనిపించాయి. రుచిత ఫోటోలు తీసింది. వాళ్లు దిగి వచ్చేసరికి వెనక వరండాలో భానుశ్రీ రెండు చేతుల్లో రెండు కాగితపు కప్పులు పట్టుకుని, ముఖం పాలిపోయి నిలబడి ఉంది. బెంచీ మీద శాలువా మాత్రం ఉంది.

"చాయ్ తాగుతానన్నారు మామయ్యా. కేఫ్ ఇక్కడే కదా అని వెళ్లాను. లైన్‌లో ముగ్గురే ఉన్నారు. వచ్చేసరికి లేరు."

"ఫోను?"

"ఇంట్లోనే వదిలేశారు. ఇప్పుడు చూపు లేదు కదా, ఫోన్ ఎందుకు అంటారు."

భానుశ్రీ బాత్రూముల వైపు పరుగెత్తింది. రుచిత మేడ ముందుకు వెళ్లి "నానమ్మా!" అని అరిచింది. బ్రహ్మయ్య గదిగదికీ తిరిగాడు. తాళ్లు కట్టిన గదుల్లోకి తొంగి చూశాడు. ఎక్కడ చూసినా అద్దాల్లో తన ముఖమే ఎదురై భయపెట్టింది. మెట్ల దగ్గర లేదు. ముందు వరండాలో స్తంభాల దగ్గర లేదు. కాపలా పెద్దాయన ఎవరికో రేడియోలో చెప్పాడు. ఆకుపచ్చ చీర అని చెప్పడానికి బ్రహ్మయ్యకు ఇంగ్లీషు మాట కూడా గుర్తు రాలేదు.

అప్పుడు పై కిటికీ గుర్తొచ్చింది. నది. ఆ వెంటనే పొద్దున ఇంట్లో ఆమె ఊరుకున్న ఆ కాస్త సేపు గుర్తొచ్చింది. కంబాలంటే కదలని మనిషి నది అనగానే బీరువా తెరిచింది.

అతను పచ్చికలో అడ్డంగా పరుగెత్తాడు. అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పుల మనిషి. చెట్ల కింద దారి రెండుగా చీలింది. ఒకటి కంకర పరిచినది, ఒకటి మట్టిది. కంకర దారి అంచు తెల్లగా కనబడుతోంది, ఆమెకు కనబడేవి అంచులే కదా అనుకుని అటే వెళ్లాడు. దారి కిందికి దిగింది. నీళ్ల వాసన తగిలింది. ఎక్కడో మాంసం కాలుతున్న వాసన, పిల్లల అరుపులు, వాటి మధ్య తెలుగు మాటలు వినిపించాయి.

నది ఒడ్డున కొయ్య బెంచీ మీద సుగుణ కూర్చుని ఉంది. చీర కుచ్చిళ్లకు మట్టి అంటుకుని ఉంది. పక్కన ఎవరో నడివయసు ఆవిడ కూర్చుని ఆమె అరచేతిని తడి రుమాలుతో తుడుస్తోంది.

"వచ్చారా అన్నయ్యగారూ! మీ గురించే చెబుతున్నారు అక్కయ్యగారు" అంది ఆ ఆవిడ లేచి. "నా పేరు సువర్ణకుమారండీ. మాది బాపట్ల. ఇక్కడ టార్నీట్‌లోనే ఉంటాం. మా చర్చివాళ్లం పిక్నిక్‌కొచ్చాం, అదిగో బార్బెక్యూ పెట్టుకున్నాం. ఈవిడ ఒక్కరే గట్టుమీద నడుస్తుంటే చూసి వచ్చాను. మనవాళ్లేనని చీర చూసి అనుకున్నాను."

బ్రహ్మయ్యకు ఆమె మాటలేవీ చెవికెక్కలేదు. "నీకు బుద్ధున్నదా?" అని అరిచాడు. పెళ్లయిన తర్వాత అతను అంత గట్టిగా అరవడం అదే మొదలు. "ఈడనే ఉండమని చెప్పిన గదా! నీళ్లల్ల పడితె? ఎవ్వడు చూస్తుండె? కోడలు పిల్ల అక్కడ ఏడుస్తుంది. నా పానం పోయింది తెలుసా నీకు!"

సువర్ణకుమారి నెమ్మదిగా ఫోను తీసి, "కోడలి నెంబరు చెప్పండి, నేను చెబుతాను" అంది. అతను చెప్పాడు. ఆమె ఫోను పట్టుకుని కొంచెం దూరం వెళ్లింది.

సుగుణ తల దించుకోలేదు. "అయిపోయిందా అరుసుడు?"

"అయిపోలే."

"అయితె అరువు. నేను ఆగుత."

అతను అరవలేకపోయాడు. బెంచీ అంచున కూలబడి రొప్పుతూ ఉండిపోయాడు. నీటి మీద రెండు బాతులు మెల్లగా పోతున్నాయి. అవతలి ఒడ్డున ఎర్రమట్టి గట్టు నిలువుగా ఉంది.

"భాను చాయ్‌కి పోయింది. నువ్వు మీద ఉన్నవు. గాలి ఇటుదిక్కు నుంచి వచ్చింది. నీళ్ల వాసన" అంది సుగుణ. "మూడేండ్లు చదివిన ఆ కాలేజిల. తోట వెనక మూసీ నది, ఒడ్డు దాక చెట్లు, పడవలు అని మా హిస్టరీ మేడం చెప్తుండె. ఒకరోజు నేను, శ్యామసుందరి వెనక గోడ ఎక్కినం నది చూద్దామని. ఏమున్నది? రోడ్డు, షాపుల వెనకభాగాలు, డబ్బాలు, కంపు. వాచ్‌మన్ కట్టె తీసుకుని ఉరికొచ్చిండు. దుంకితె చెప్పు తెగింది."

"నాకు చెప్పలే ఎప్పుడూ."

"అన్ని మంచియే చెప్పిన నీకు. మేడ అంత గొప్పగ చెప్పి, వెనక మోరీ ఉందని ఎట్ల చెప్పాలె? నువ్వేమో నోరు తెరుచుకుని వింటుంటివి." ఆమె నవ్వబోయి ఆగింది. "ఇయ్యాల పొద్దున నువ్వు నది అన్నవు. మేడలకెల్లి బయటికొచ్చి, తోటల నుంచి నడుచుకుంటా నది దాక పోవాలనిపించింది. నేనే. ఎవరూ పట్టుకోకుంట."

"నాకు చెప్తే తీసుకొస్తుంటి గదా."

"అదే. తీసుకొస్తవు." సుగుణ అతని వైపు తిరిగింది. "రెండేండ్లయింది, సూట్‌కేసు లెక్క ఒక కాడినుంచి తీసి ఇంకో కాడ పెడ్తున్నవు నన్ను. సోఫాల పెడ్తవు. కారుల పెడ్తవు. ఇయ్యాల బెంచి మీద పెట్టి శాలువా కప్పినవు. నువ్వు ప్రేమతోనే చేస్తున్నవు, నాకు తెలవదా? గని నేను నడవడం మర్చిపోతున్న."

బ్రహ్మయ్య ఆమె చేతిని చూశాడు. అరచేతి కింద తోలు గీరుకుపోయింది.

"పడ్డవా?"

"ఒకసారి. వేరు తట్టుకుంది. పడ్డ, లేచిన." ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో గర్వం దాగలేదు. "కంకర అంచు కనబడుతుండె. కాలి కింద చప్పుడు మారితె దారి తప్పిన అని తెలుస్తుండె. మా మేడం ఏ మెట్టు మీద ఉందో చప్పుడుతోనే చెప్పినదాన్ని, ఈ కంకర ఏపాటిది?"

"ఇప్పుడు నది కనబడ్తుందా మరి?"

"తిన్నగ చూస్తే కనబడదు. ఇగో, గిట్ల ఆ చెట్టు దిక్కు చూస్తే పక్కపొంటి మెరుస్తది. నువ్వు గూడ అంతే. ముఖం కనబడ్తలేదు గని చెవి మంచిగ కనబడ్తది. ఇంత పెద్ద చెవి అని నాకు తెలవనే తెలవదు."

బ్రహ్మయ్యకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రెండూ దాచుకోవడానికి వంగి ఆమె చీర కుచ్చిళ్లకు అంటిన మట్టి దులపబోయాడు. చెయ్యి సగంలో ఆపేశాడు. ఆమే దులుపుకుంది.

కాసేపటికి గట్టు మీది నుంచి భానుశ్రీ, రుచిత పరుగెత్తుకుంటూ వచ్చారు. భానుశ్రీ వచ్చీ రాగానే అత్తగారిని పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "నా తప్పే అత్తమ్మా, చాయ్ కోసం వెళ్లకుండా ఉండాల్సింది" అంటుంటే సుగుణ ఆమె వీపు నిమిరింది.

"నీ తప్పేం లేదు. చెప్పకుంట వచ్చుడు నాది తప్పు. ఆ మాట ఒప్పుకుంట. నడిచి వచ్చుడు మాత్రం తప్పు కాదు. చాయ్ ఏది మరి?"

"పడేశాను..."

"అయ్యో, చాయ్ పడేస్తారా ఎవరన్నా!" అంటూ సువర్ణకుమారి వచ్చింది. "రండి రండి, మా దగ్గర ఫ్లాస్కులో ఉంది. గోంగూర చికెన్ కూడా ఉంది. తినకుండా పోనిచ్చేది లేదు."

చెట్ల కింద చాపలు పరిచి ఉన్నాయి. చర్చివాళ్లు సుగుణకు చోటు చేశారు. పేపర్ ప్లేటు చేతికిచ్చాక బ్రహ్మయ్య అలవాటు కొద్దీ "కుడిదిక్కు..." అని మొదలుపెట్టి ఊరుకున్నాడు. సుగుణ వేళ్లతో వెతుక్కుంది. మొదటి ముద్ద కొంత ఒళ్లో పడింది. అవతల ఎవరో ముసలాయన మీదే ఊరని అడిగితే, ఆమె కాచిగూడ గల్లీల నుంచి కోఠీ దాకా దారంతా చెప్పుకొచ్చింది. ఇరానీ హోటలు, పాత పుస్తకాల కొట్లు, కొట్లో ఒక పిల్లవాడు. "ఆ పిల్లగాడు ఈయననే, నా పుస్తకాలు దాచిపెడుతుండె, అమ్మకుంట" అని బ్రహ్మయ్య ఉన్నాడనుకున్న వైపు చేయి చూపింది. చేయి కాస్త పక్కకు, ఓ యూకలిప్టస్ చెట్టు వైపు పోయింది. బ్రహ్మయ్య లేచి వెళ్లి ఆ చెట్టు ముందు కూర్చున్నాడు.

ఆ రాత్రి కౌశల్ ఇంటికి వచ్చి సంగతంతా విని, కోపగించుకోవాలో వద్దో తెలియక తల్లి పక్కన కూర్చున్నాడు. అతను నోరు తెరవకముందే సుగుణ అంది. "కౌశల్, ఆ కర్ర నేర్పే ఆమెను రమ్మను."

"షూర్ అమ్మా? లాస్ట్ టైమ్ నువ్వే కదా..."

"లాస్ట్ టైమ్ లాస్ట్ టైమే. రమ్మను."

రెండు వారాల తర్వాత ఆమె వచ్చింది. పొట్టి జుట్టు, పెద్ద గొంతు, నవ్వు ముఖం ఉన్న ఆస్ట్రేలియన్ ఆవిడ. ఇంటి ముందు ఫుట్‌పాత్ మీద ముందుగా భార్యాభర్తలిద్దరినీ నడవమంది. బ్రహ్మయ్య ఎప్పటిలా సుగుణ రెక్క పట్టుకుని ముందుకు నడిపించాడు. ఆవిడ వెంటనే ఆపింది. ఆమెను మీరు పట్టుకోకూడదు, ఆమె మిమ్మల్ని పట్టుకోవాలి అంది. సుగుణ చేతిని తీసి బ్రహ్మయ్య మోచేతి మీద పెట్టింది. మీరు అర అడుగు ముందుండండి, మీ భుజం కదలికను బట్టి మలుపు, మెట్టు అన్నీ ఆమెకే తెలుస్తాయి, ఇక వదలాలా పట్టుకోవాలా అన్నది ఆమె ఇష్టం అని వివరించింది. భానుశ్రీ తెలుగులో చెప్పబోయింది.

"అర్థమైంది బిడ్డా" అంది సుగుణ.

ఇద్దరూ నడిచారు. మోచేతి మీద ఆమె వేళ్లు తేలిగ్గా ఆని ఉన్నాయి. ఇన్నాళ్లూ ఆమె రెక్కను గట్టిగా పట్టుకున్న కుడిచేతితో ఏం చేయాలో బ్రహ్మయ్యకు తోచలేదు. కాసేపు జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు. వీధి చివర మలుపు వచ్చింది. చెబుదామని నోరు తెరిచేలోపే సుగుణ అతనితోపాటు తిరిగింది.

"జర తొందరగ నడువు" అంది.